ఒకటో తరగతి: బడి తెరిచి రెండు వారాలైనా ‘అ ఆ’లు రాయించలేదు, ఇది సరైన పద్ధతేనా?

జాజితీగ

జూన్ 12న బడులు తెరిచినప్పటి నుంచి మా అమ్మాయి ఊళ్ళోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతికి వెళుతోంది. ఈ వారం ఏమి నేర్చుకుందో చూద్దామని నిన్న రాత్రి సంచి విప్పాను. నోటుపుస్తకంలో అక్షరమన్నదే లేదు. మొదటి పేజీ నిండా నిలువు గీతలు, రెండో పేజీలో సున్నాలు, మూడో పేజీలో చెట్టు బొమ్మ, దాని కింద నాలుగు కాకులు ఉన్నాయి. పలక మీద మాత్రం ‘తల’, ‘వల’ అనే రెండు మాటలు వంకరటింకరగా కనిపించాయి. ‘అ ఆ ఇ ఈ చెప్పమ్మా’ అని అడిగితే, ‘అవి ఇంకా రాలేదమ్మా, మాకు తల వచ్చింది, వల వచ్చింది’ అని ఎంతో సంతోషంగా చెప్పింది.

పక్కింటి బాబు టౌనులోని ప్రైవేటు బడిలో ఇదే తరగతి చదువుతున్నాడు. వాడు ‘అ’ నుంచి ‘ఱ’ వరకు ఆగకుండా రాస్తాడు, ఒకటి నుంచి వంద వరకు అంకెలు కూడా వేస్తాడు. మా అత్తగారు దాన్ని చూసి, పిల్ల వెనకబడిపోతుందని దిగులు పడుతున్నారు. నాకూ లోపల భయంగానే ఉంది. టీచరుగారిని అడగాలంటే, ఆమె పనిని తప్పుపట్టినట్లు అవుతుందేమోనని మొహమాటపడుతున్నాను. మీ ఇళ్ళలో ఒకటో తరగతి పిల్లలకు ఈ వారం బడిలో ఏమి చెబుతున్నారో దయచేసి రాయండి.

మూడోబెంచీ

మాది హైదరాబాదు, మా వాడిది ప్రైవేటు బడి. ఈ వారం తెలుగు హోంవర్కు ఏమిటంటే, ‘ఙ’ అనే అక్షరాన్ని ఒక పేజీ నిండా రాయడం. ఆ అక్షరంతో మొదలయ్యే మాట ఒక్కటి చెప్పమని వాడు నన్ను అడిగాడు. నేను చెప్పలేకపోయాను. మీ పాప పలక మీద రెండు మాటలున్నాయి, మా వాడి పుస్తకంలో ఒక్క మాట కూడా లేదు. ఎవరు వెనకబడ్డారో నాకైతే తెలియడం లేదు.

నల్లబల్ల

నేను సెకండరీ గ్రేడ్ టీచరును. పన్నెండేళ్ళుగా ఒకటి, రెండు తరగతులకే చెబుతున్నాను. జాజితీగ గారు రాసిన నోటుపుస్తకాన్ని చూస్తే మా తరగతిలోని పుస్తకాన్నే చూసినట్లుంది కనుక, ఆ పేజీల వెనుక ఏముందో చెబుతాను.

నిలువు గీతలు, సున్నాలు కాలక్షేపానికి చేయించేవి కావు. తెలుగు లిపి గుండ్రని లిపి. ‘అ’ రాయాలంటే చిన్న చేతివేళ్ళు మూడు మలుపులు తిరగాలి. ఆరేళ్ళ పిల్లలలో చాలామందికి మణికట్టు ఇంకా స్థిరపడి ఉండదు. అందుకే మొదటి రెండు మూడు వారాలు మట్టితో ఉండలు చేయించడం, చింతగింజలను గీత వెంబడి పేర్పించడం, గాలిలో వేలితో సున్నా చుట్టించడం వంటివి చేస్తాము. ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ‘విద్యా ప్రవేశ్’ పేరుతో ఒకటో తరగతిలో చేరిన పిల్లల కోసం మూడు నెలల ఆటపాటల కార్యక్రమాన్ని రూపొందించింది కూడా ఈ ఆలోచనతోనే. అంగన్‌వాడీకి వెళ్ళి వచ్చిన పిల్ల, వెళ్ళని పిల్ల, ప్రైవేటులో రెండేళ్ళు చదివి వచ్చిన పిల్ల ఒకే చాప మీద కూర్చుంటారు. వాళ్ళందరినీ ఒక దారికి తెచ్చుకోవడానికి కొంత వ్యవధి కావాలి.

ఇక ‘తల’, ‘వల’ సంగతి. అక్షరమాల వరుసలో కాకుండా, పిల్లకు తెలిసిన మాటతో మొదలుపెట్టి అందులోని అక్షరాలను విడదీసి చూపుతాము. ముందు బొమ్మ, తరువాత దాని పేరు, ఆ పేరులో వినిపించే శబ్దాలకు రెండు చప్పట్లు, చివరికి ఆ శబ్దాలకు గుర్తులైన అక్షరాలు. నేను ఈ రెండు వారాలలో చెప్పినవి ఆరు అక్షరాలు: అ, క, త, ప, ల, వ. ఈ ఆరింటితో పిల్ల అల, కల, తల, వల, పలక, కలప, అలక, కలత అనే ఎనిమిది మాటలు చదవగలదు. హల్లుల వరుసలో మొదటి ఆరు క, ఖ, గ, ఘ, ఙ, చ. వాటితో ఆరేళ్ళ పిల్ల ఇంట్లో వాడే మాటను ఒక్కదాన్ని కూర్చి చూపండి.

టీచరుగారిని అడగడానికి మొహమాటపడకండి. బడికి వచ్చి ‘ఈ వారం ఏమి చెప్పారు’ అని అడిగే అమ్మ మాకు బరువు కాదు. నిజానికి అలా అడిగేవారు చాలా తక్కువ.

వర్ణక్రమం

నల్లబల్ల గారి శ్రద్ధను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. మన అక్షరమాల ఎవరో తోచినట్లు పేర్చిన జాబితా కాదు. కంఠం దగ్గర పుట్టే ‘క’ వర్గం, దవుడల దగ్గర పుట్టే ‘చ’ వర్గం, నాలుకను పైకి మడిస్తే వచ్చే ‘ట’ వర్గం, పళ్ళకు తాకిస్తే వచ్చే ‘త’ వర్గం, పెదవులు కలిస్తే వచ్చే ‘ప’ వర్గం, ఇలా నోటి లోపలి నుంచి బయటకు వచ్చే క్రమమది. ఈ అమరిక పిల్ల నాలుకకు వ్యాయామం. దీన్ని ముక్కలు చేసి ‘తల’, ‘వల’ అంటూ చెబితే రేపు నిఘంటువులో మాట వెతకడం ఎలా వస్తుంది? ‘శ, ష, స’ల తేడా ఎప్పుడు తెలుస్తుంది? ఇప్పుడు ఇంటరు చదివే పిల్లలు కూడా ‘ణ’ను ‘న’ అని పలుకుతున్నారంటే, మొదట్లో వర్గాల వారీగా పలికించకపోవడమే కారణమని నా గట్టి నమ్మకం.

ఇంకొక మాట. ఆరు హల్లులతో ఒక్క మాట కూడా రాదని మీరన్నారు. కాని అక్షరమాల వరుసలో హల్లుల కంటే ముందు అచ్చులు వస్తాయి కదా. అచ్చులు వచ్చిన పిల్లకు ‘క’, ‘గ’ రాగానే ఈక, ఈగ, ఊక అనే మాటలు వచ్చేస్తాయి. మా అమ్మ నాకు అలాగే నేర్పింది.

నల్లబల్ల

వర్ణక్రమం గారూ, ఈక, ఈగ, ఊక వస్తాయని ఒప్పుకుంటున్నాను, నా లెక్కలో అచ్చులను వదిలేయడం పొరపాటే. అయితే ఆ మూడు మాటలకు పిల్ల దాదాపు పదిహేను అక్షరాలు దాటి రావాలి. పలకడం విషయంలో మీతో పేచీ లేదు. మా తరగతిలో ప్రతి ఉదయం అక్షరమాల మొత్తం వరుసగా పాడిస్తాను. నోటికి వరుస, చేతికి మాట. ఈ రెండూ ఒకే వేగంతో నడవనక్కరలేదన్నదే నేను చెప్పేది.

గోదారిగట్టు

బొమ్మతో మొదలుపెట్టడంలో ఒక చిక్కుంది. మా మేనకోడలికి ‘ట’ నేర్పడానికి టమాట బొమ్మ చూపిస్తే, ‘ఇది ర’ అంది. టీచరు ఎన్నిసార్లు అడిగినా ‘ర’ అనే చెప్పింది. మా ఇంట్లో దాన్ని రామములక్కాయ అంటాము. పిల్ల చెప్పినది నూటికి నూరుపాళ్ళు సరైనదే.

మూడోబెంచీ

గోదారిగట్టు గారి మాటతో సొరకాయ గుర్తొచ్చింది. మా ఇంట్లో అది ఆనపకాయ. ‘సొ’ బొమ్మ అని పుస్తకంలో ఉంటే మా వాడు ‘ఆ’ అని రాసుకొచ్చాడు. ఎర్రసిరాతో కొట్టేశారు. వాడు రోజంతా అన్నం సరిగా తినలేదు.

పాతపంతులు

నేను ఉద్యోగ విరమణ చేసి ఆరేళ్ళయింది. మొదటి ఇరవై ఏళ్ళు వర్ణక్రమం గారు చెప్పిన దారిలోనే నడిచాను. ‘ఓం నమః శివాయ, సిద్ధం నమః’ అని దిద్దించి చదువు మొదలుపెట్టే అలవాటు నుంచే కదా ‘ఓనమాలు’ అనే మాట పుట్టింది. ఆ గౌరవం నాకు నేటికీ ఉంది. నా దారి మార్చినవాడు ఒక పిల్లవాడు.

వాడు పలక మీద అక్షరమాల అంతా ముత్యాల్లా రాసేవాడు. ఒకరోజు ‘వల’ అని నల్లబల్ల మీద రాసి చదవమన్నాను. వాడు బల్ల వైపు చూసి, పెదవులు కదుపుతూ ‘య ర ల వ’ అని వరుసగా అనుకుని, ‘వ’ దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి వెళ్ళి ‘య ర ల’ అని ‘ల’ దగ్గర ఆగాడు. వాడికి వచ్చినది అక్షరాలు కావు, వరుస. వరుసలో నుంచి ఒక అక్షరాన్ని బయటకు లాగితే అది వాడికి కొత్త మనిషి. నేను ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చాలాసేపు బాధపడ్డాను, ఎందుకంటే ఏడాదంతా వాడికి పదికి పది మార్కులు వేసినది నేనే.

తరువాత నేను అక్షరాలను రూపాన్ని బట్టి జతలు కట్టడం మొదలుపెట్టాను. ‘ర’ పొట్టలో చుక్క పెడితే ‘ఠ’. ‘ద’లో చుక్క పెడితే ‘థ’, కింద గీత పెడితే ‘ధ’. ఒకటి వస్తే దాని చుట్టాలు వెంట వస్తాయి. వచ్చిన చిక్కల్లా ‘వ’, ‘ప’ల దగ్గర. ఆ రెండింటికీ తేడా తలకట్టులోనే ఉంది. ‘వ’ తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది, ‘ప’ తలకట్టు విడిగా నిలబడుతుంది. పలక మీద బలపం కాస్త జారితే ‘పలక’ కాస్తా ‘వలక’ అవుతుంది. ఇంకొంచెం ముందుకు వెళితే ‘మ’, ‘వు’ల గొడవ. ‘వ’ పక్కన తోక తగిలిస్తే ‘మ’ అయిపోతుంది కనుక, ‘వ’కు కొమ్మును కింది నుంచి తెస్తాము. ‘పు’కూ అంతే. ‘కు’, ‘తు’, ‘లు’లకు పక్కన పెట్టే కొమ్మును ‘పు’, ‘వు’లకు కింద ఎందుకు పెడతారో పిల్లకు ఒక్కసారి చూపిస్తే జన్మలో మరచిపోదు. చూపించకుండా వందసార్లు రాయిస్తే మాత్రం నూట ఒకటోసారి మళ్ళీ తప్పు రాస్తుంది.

జాజితీగ గారూ, మీ అమ్మాయి ‘తల’లోని ‘ల’ను ‘వల’లో గుర్తుపడుతోందా లేదా చూడండి. గుర్తుపడితే దిగులు అక్కరలేదు.

జాజితీగ

పాతపంతులు గారూ, మీరు చెప్పినట్లు ఇప్పుడే చేసి చూశాను. ‘కల’ అని రాసి చూపించాను, ఈ మాట బడిలో చెప్పారో లేదో నాకు తెలియదు. మొదట కాసేపు చూసింది, ‘ఇది తలలో ల’ అంది, తరువాత ‘క’ మీద వేలు పెట్టి ‘కాకిది’ అంది, ఆపైన ‘క... ల... కల!’ అని అరిచింది. మా అత్తగారు కూడా వచ్చి చూశారు. మనసు కొంత తేలికపడింది. అయితే అంకెల సంగతి ఏమిటి? ఇంతవరకు 5 దాటలేదు. పక్కింటి బాబు వంద వరకు వేస్తున్నాడు.

చింతగింజ

అంకెల గురించి నేను రాస్తాను, ఎందుకంటే నేను ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెబుతాను, మా ఇంట్లోనే ఒకటో తరగతి అబ్బాయి కూడా ఉన్నాడు.

వంద వరకు రాసే బాబు ముందు ఏడు చింతగింజలు, తొమ్మిది చింతగింజలు రెండు కుప్పలుగా పోసి, ఏ కుప్పలో ఎక్కువ ఉన్నాయో, ఎన్ని ఎక్కువ ఉన్నాయో అడగండి. చాలామంది పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. కొందరు ఒక గింజను రెండుసార్లు లెక్కపెడతారు, కొందరు నోటితో ‘ఎనిమిది’ అనేసరికి వేలు ఆరో గింజ మీదే ఉంటుంది. మాట, వేలు, గింజ మూడూ ఒకేసారి కదలడమే ఈ నెలంతా మేము చేయించే పని. దానికంటే ముందు పెద్ద–చిన్న, లోపల–బయట, ఎక్కువ–తక్కువ, ముందు–వెనుక అనే మాటలు స్థిరపడాలి. మధ్యాహ్న భోజనం దగ్గర మా తరగతిలో ఇద్దరు పిల్లలు పళ్ళాలు పంచుతారు. ఈ వారం ఒక రోజు పద్నాలుగు మంది వచ్చారు, పళ్ళాలు పదమూడే ఉన్నాయి. ‘ఒకటి చాలలేదు సార్’ అని పరుగెత్తుకుంటూ వచ్చిన పాపకు తీసివేత అనే మాట తెలియదు, కాని తీసివేత చేసింది.

5 దగ్గర ఆగడం కూడా కావాలని చేసేదే. 5ను 4, 1గా, 3, 2గా ఎన్ని రకాలుగా విడదీయవచ్చో గింజలతో చూసిన పిల్ల 9 దాకా తానే వెళుతుంది. తరువాత 0, ఆపైన పది పుల్లలను దారంతో ఒక కట్ట కట్టడం. కట్ట అంటే పది అన్న ఊహ కుదిరాక ఒక కట్ట, నాలుగు విడి పుల్లలు 14 అని తెలుస్తుంది.

తెలుగులో లెక్కపెట్టే పిల్లకు ఒక మేలు ఉంది. ‘పద్నాలుగు’లో ముందు పది వినిపిస్తుంది, తరువాత నాలుగు. రాసేటప్పుడూ 1 ముందు, 4 తరువాత. ఇంగ్లీషులో ‘ఫోర్‌టీన్’ అంటే ముందు ఫోర్ వినిపిస్తుంది, అందుకే మా తరగతిలో ఇంగ్లీషులో వల్లించిన పిల్లలు 14కు 41 వేయడం తరచుగా చూస్తుంటాను. దయచేసి ఇంట్లో ఒకటి, రెండు, మూడు అనే లెక్కపెట్టించండి.

రెండుపేజీలు

చింతగింజ గారి చివరి మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఇప్పుడు రెండు రాష్ట్రాలలోనూ ప్రభుత్వం ఇచ్చే పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. మా పాప లెక్కల పుస్తకంలో ఎడమ పక్క ఉన్నదే కుడి పక్కా ఉంటుంది. నేను కూలి పనికి వెళ్ళే తల్లి కడుపున పుట్టి, పదో తరగతి వరకు తెలుగులో చదివి, కాలేజీలో ఇంగ్లీషు రాక తరగతి గదిలో నోరు తెరవలేకపోయినవాణ్ని. మూడేళ్ళపాటు చివరి వరుసలో కూర్చున్నాను. నా కూతురికి ఆ స్థితి రాకూడదు. ‘ఒకటి, రెండు’తో పాటు ‘వన్, టూ’ కూడా ఈ వయసులోనే రావాలని కోరుకుంటే అది తప్పా?

చింతగింజ

తప్పు కానే కాదు. మీ మాట చదివి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. నేను ఇంగ్లీషు వద్దనడం లేదు, గింజలు లెక్కపెట్టేటప్పుడు పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాషలో లెక్కపెట్టనివ్వమంటున్నాను. లెక్క కుదిరాక ‘పద్నాలుగును ఇంగ్లీషులో ఫోర్‌టీన్ అంటారు’ అంటే అది ఒక కొత్త మాట మాత్రమే అవుతుంది. లెక్క, భాష రెండూ ఒకేసారి కొత్తవైతే పిల్ల రెండింటినీ వల్లె వేస్తుంది. మీ పాప పుస్తకంలో రెండు పేజీలూ ఉన్నాయి కనుక ముందు తెలుగు పేజీలో చేయించి, మరునాడు అదే లెక్కను ఇంగ్లీషు పేజీలో చేయించండి.

డాలస్‌నాన్న

మా ఊళ్ళో బడులు ఆగస్టులో గాని తెరవరు. కాని మా అబ్బాయి ఒకటో తరగతి పూర్తిచేశాడు, వారాంతంలో తెలుగు నేర్చుకుంటున్నాడు, అందుకని ఈ చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి తరగతులు ఇక్కడ చాలా ఊళ్ళలో ఉన్నాయి.

నల్లబల్ల గారు చెప్పిన మాటల పద్ధతి మా వాడి దగ్గర పనిచేయలేదు, ఎందుకంటే వాడికి ‘వల’ అంటే తెలియదు, ‘కలప’ అంటే తెలియదు. తెలిసిన మాట నుంచి తెలియని అక్షరానికి వెళ్ళాలంటే ముందు మాట తెలిసి ఉండాలి కదా. వాడికి పనికివచ్చినది అక్షరమే. ఇంగ్లీషులో ‘సి, ఎ, టి’ అని పలికి చివరికి ‘క్యాట్’ అనాలి. అక్షరం పేరు వేరు, దాని శబ్దం వేరు. తెలుగులో ‘త’ పేరే ‘త’, దాని శబ్దమూ ‘త’. ఈ సంగతి తెలిసిన రోజు వాడు ‘నాన్నా, ఇందులో మోసం లేదు’ అన్నాడు. ఇప్పుడు అర్థం తెలియని మాటలు కూడా చక్కగా చదువుతాడు. చదివాక అర్థం నన్ను అడుగుతాడు. నేను చెబుతాను. అలా మాటలు వస్తున్నాయి. కనుక పద్ధతిని పిల్ల ఇంటి భాషను బట్టి ఎంచుకోవాలి గాని, అందరికీ ఒకటే అనకూడదని నా అభిప్రాయం.

అడవిబడి

డాలస్‌నాన్న గారు అన్న మాట అమెరికాకే కాదు, మా తండాకూ వర్తిస్తుంది. నేను ఏజెన్సీ ప్రాంతంలో ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఒకటి నుంచి ఐదు వరకు నేనొక్కడినే. ఒకటో తరగతిలో ఈ ఏడాది ఏడుగురు చేరారు, ఏడుగురి ఇంటి భాషా లంబాడీయే. అమ్మ బొమ్మ చూపి ‘అ’ చెప్పబోతే పిల్లలు ‘యాడి’ అన్నారు. వాళ్ళకు అమ్మ అంటే యాడి. ఆ బొమ్మతో ‘అ’ రాదు, ‘యా’ వస్తుంది. పిల్లలు తప్పు చెప్పలేదు, బొమ్మే వాళ్ళది కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, గోండి, కొలామి, లంబాడీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో పిల్లలకు తెలుగు లిపిలోనే సొంత భాష పాఠాలు మొదలుపెట్టారు. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ దారి చూపుతుంది. అందుకే ఈ వారం నేను చేసినది ఇది: ‘యాడి’, ‘బా’ (నాన్న) అనే మాటలను నల్లబల్ల మీద తెలుగు అక్షరాలతో రాశాను. వాళ్ళ భాష బల్ల మీద కనిపించగానే చివర కూర్చున్న పిల్లవాడు, అప్పటివరకు రెండు వారాలుగా నోరు విప్పనివాడు, లేచి వచ్చి ‘బా’ను వేలితో తడిమి చూశాడు. వాడి వేలికంటిన సుద్దను చొక్కాకు తుడుచుకోలేదు. ఇంటికి వెళ్ళి వాళ్ళ నాన్నకు చూపించాలన్నాడు.

వర్ణక్రమం

అడవిబడి గారి మాట చదివాక కొంతసేపు ఏమీ రాయాలనిపించలేదు. వరుసను వదిలేయకూడదన్న నా అభిప్రాయం మారలేదు. కాని వరుస మొదట రావాలా, మాటలు కొన్ని వచ్చాక రావాలా అనే దాని మీద ఇంత పట్టుబట్టనక్కరలేదని ఒప్పుకుంటున్నాను. ఒక్క కోరిక: ఒకటో తరగతి పూర్తయ్యేలోగా ‘ట’, ‘త’ల తేడా, ‘న’, ‘ణ’ల తేడా నోట పలికించండి. చెవికి తెలియని తేడా చేతికి రాదు.

ఎడమవాటం

మధ్యలో ఒక ప్రశ్న అడుగుతున్నాను. మా పాప ఎడమ చేత్తో రాస్తోంది. పలక మీద రాసినదంతా మణికట్టు తగిలి చెరిగిపోతోంది. చెయ్యి మార్పించాలా?

పాతపంతులు

మార్పించకండి. పలకను కొంచెం కుడివైపుకు వాల్చి, బలపాన్ని కొన నుంచి రెండు వేళ్ళ దూరంలో పట్టుకోమనండి. చెయ్యి రాత కిందికి వస్తుంది, చెరగదు. తరగతిలో ఆమెను వరుసకు ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుగారికి చెప్పండి, లేకపోతే పక్క పిల్ల మోచేతికి తగులుతూనే ఉంటుంది.

గడపముగ్గు

నాకు చదువు తక్కువ, మా మనవరాలి కోసం ఇవన్నీ కూర్చుని చదివించుకుంటున్నాను, నేను చెప్పినది మా కోడలు రాస్తోంది. సున్నాలు, గీతలు అని దిగులు పడుతున్న తల్లికి ఒక మాట చెప్పాలి. మేము ముగ్గు నేర్చుకున్నది ముందు చుక్కలతోనే. చుక్కలు సమంగా పడడానికే నాకు ఒక ధనుర్మాసం పట్టింది. చుక్క చుట్టూ మెలిక తిప్పడం వచ్చాక ఏ ముగ్గయినా వచ్చింది. సాయంత్రం గడప ముందు ఆ పిల్లకు పిండి ఇచ్చి కూర్చోబెట్టండి. ‘అ’ చుట్టే మెలిక, చుక్క చుట్టే మెలిక ఒకటే.

మూడోబెంచీ

ఇంతమంది ఓపికగా రాశారు. నాకు మిగిలిన అనుమానం ఒక్కటే. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక ఏ బోర్డు బడి అయినా తెలుగు చెప్పితీరాలి కనుక మా వాడు తెలుగు ఎలాగూ చదువుతాడు. కాని ఒకటో తరగతి చివరికి ఎంత వస్తే వచ్చినట్లు? హోంవర్కు పేజీలు చూస్తే అర్థం కావడం లేదు.

నల్లబల్ల

దానికి స్పష్టమైన లెక్క ఉంది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడడానికి 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో ఒకటో తరగతి చివరికి పెట్టుకున్న లక్ష్యం, వయసుకు తగిన, ముందు చదవని పాఠంలో నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలను అర్థంతో చదవడం, 99 వరకు అంకెలు చదివి రాయడం, చిన్న కూడికలు, తీసివేతలు చేయడం. ‘ముందు చదవని’ అన్న మాటను గమనించండి. పాఠ్యపుస్తకంలోని పాఠాన్ని గడగడా అప్పజెప్పడం చదవడం కాదు, అది జ్ఞాపకం. మీ వాడికి కిరాణా కొట్టు చీటీ మీద ‘పాలు, పంచదార’ అని రాసి ఇచ్చి పంపండి. చదివి తెచ్చాడంటే వచ్చినట్లే.

ఈ లక్ష్యం ఏప్రిల్ నాటిది, జూన్ నాటిది కాదు. మధ్యలో పది నెలలున్నాయి.

జాజితీగ

వారం తరువాత మళ్ళీ రాస్తున్నాను. శనివారం బడికి వెళ్ళి టీచరుగారిని కలిశాను. భయపడినట్లు ఆమె నొచ్చుకోలేదు. గోడకు తగిలించిన సంచులలో ఒక్కొక్క పిల్ల పేరుతో ఒక్కొక్క అట్టముక్కల కట్ట ఉంది. పిల్ల చదవగలిగిన మాటను అట్ట మీద రాసి అందులో వేస్తారట. మా అమ్మాయి సంచిలో పదకొండు అట్టలున్నాయి. పదకొండోది ‘అలక’. ఆ మాట ఎలా వచ్చిందని అడిగితే, పక్క పిల్లతో పోట్లాడి మూల కూర్చున్న రోజు టీచరుగారే రాసి చేతికిచ్చారట, చదువుకుని నవ్వేసిందట.

ఇంటికి వచ్చాక పక్కింటి బాబును, మా అమ్మాయిని కూర్చోబెట్టాను. పోటీ పెట్టాలని కాదు. వాడు వరుస పాడుతుంటే ఆమె నేర్చుకుంటోంది, ఆమె అట్టలు చూపిస్తుంటే వాడు చదువుతున్నాడు. ‘కలప’ దగ్గర వాడు చాలాసేపు ఆగాడు, తరువాత చదివాడు. వాళ్ళమ్మ కూడా వచ్చి కూర్చుంది. గడపముగ్గు గారూ, పిండి సగం డబ్బా అయిపోయింది, గడప ముందంతా సున్నాలే.

వచ్చే వారం ఏమి చెబుతారో ఎవరైనా చెప్పగలరా? ముందే సిద్ధం చేసుకుంటాను.

నల్లబల్ల

మా తరగతిలోనైతే సోమవారం నుంచి దీర్ఘం. మొత్తం గుణింతం కాదు, దీర్ఘం ఒక్కటే. మీ అమ్మాయికి ఇప్పటికే వచ్చిన అక్షరాలకు దీర్ఘం తగిలిస్తే తాత, పాప, పాత, పాక, కాలవ వస్తాయి. నీళ్ళ సీసాల మూతలు ఇరవై దాకా పోగుచేసి ఉంచండి. మూత మీద అక్షరం రాసి, దీర్ఘాన్ని వేరే మూత మీద రాసి పక్కన పెట్టించవచ్చు. మూతలు తెల్లవైతే మంచిది, నీలం వాటి మీద రాత కనబడదు.